బండి అడుగున ఏముందో మాకూ తెలియాలి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ అధికారులకు, వాహన ప్రమాణాలను రూపొందించే కమిటీల సభ్యులకు తిరుపతి నుంచి ఒక ట్రావెల్స్ యజమాని నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా,

నేను తిరుపతిలో ఇరవై మూడేళ్లుగా అద్దె కార్లు తిప్పుతున్నాను. మొదట్లో ఇంకొకరి బండికి డ్రైవరుగా, తర్వాత అప్పుచేసి కొన్న సొంత బండితో, ఇప్పుడు ఐదు కార్లున్న చిన్న ట్రావెల్స్‌తో బతుకు సాగుతోంది. ఆ ఐదింటిలో మూడు పెట్రోలువి, రెండు ఎలక్ట్రిక్‌వి. రేణిగుంట విమానాశ్రయంలోనో రైల్వే స్టేషన్ ముందరో భక్తులను ఎక్కించుకుని కొండకు తీసుకుపోవడం, దర్శనమయ్యాక దింపుకొచ్చి తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం చూపించడం, ఒక్కోసారి చెన్నై దాకా వెళ్లి దిగబెట్టి రావడం మా పని. ఐదు బండ్లూ తిరిగేది అవే దారుల్లో, కాగేది అదే ఎండలో, వాటిని వంతులవారీగా నడిపేది అవే చేతులు. కాబట్టి పెట్రోలు కారుకు, ఎలక్ట్రిక్ కారుకు తయారీ నాణ్యతలో తేడా ఎక్కడుందో, ఎక్కడ లేదో అనుభవంతో చెప్పగలననే నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

నా ఎలక్ట్రిక్ బండి ఎక్కిన ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురైనా దారిలో అడిగే మాట ఒకటుంది: "ఏమన్నా, ఈ కరెంటు బండి గట్టిగా ఉంటుందా?" అడుగుతూనే తలుపు ఒకసారి వేసి తీస్తారు, బానెట్ రేకును బొటనవేలితో నొక్కి చూస్తారు. మనకు తరతరాలుగా వచ్చిన అలవాటది. తలుపు దభీమని బరువుగా పడితే మంచి బండి, టప్పుమని తేలిగ్గా పడితే నాసిరకం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చూశాను. ఎలక్ట్రిక్ బండి విషయంలో ఆ పరీక్ష దేనికీ పనికిరాదని నాలుగేళ్లు నడిపాక తెలిసింది. ఆ బండి నాణ్యతలో ముప్పాతిక వంతు మన చేతికీ కంటికీ అందని చోట, కాళ్ల కింద ఉంది.

రేకు సంగతి ముందే చెప్పేస్తాను, దానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఢీకొన్నప్పుడు లోపలి మనిషిని కాపాడేది రేకు మందం కాదు, దాని వెనకున్న ఉక్కు చట్రం. బండి భద్రతకు నక్షత్రాలిచ్చే, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దిస్తున్నారు, 50 కిలోమీటర్ల వేగంతో పక్క నుంచి గుద్దిస్తున్నారు, స్తంభానికి 29 కిలోమీటర్ల వేగంతో తగిలిస్తున్నారు. 2024 జూన్‌లో వచ్చిన ఫలితాల్లో పెద్దల రక్షణకు 32 మార్కులకుగాను పంచ్ ఈవీ 31.46, నెక్సాన్ ఈవీ 29.86 తెచ్చుకుని రెండూ ఐదు నక్షత్రాలు పొందాయి. 2025 జనవరిలో మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ 32కు 32 తెచ్చుకుంది. పెట్రోలుతో నడిచే నెక్సాన్‌కూ ఐదు నక్షత్రాలే. అంటే చట్రం గట్టిదనం దాన్ని కట్టినవాడి శ్రద్ధను బట్టి ఉంటుంది కానీ లోపల పోసేది పెట్రోలా, ఎక్కించేది కరెంటా అన్నదాన్ని బట్టి కాదు. ఈ పరీక్ష స్వచ్ఛందంగా కాక తప్పనిసరిగా జరగాలని మాత్రం నా కోరిక.

ఇక చప్పుళ్లు. ఎలక్ట్రిక్ బండిలో ప్లాస్టిక్ కిటకిటలాడుతుందని, పనితనం నాసిరకమని చాలామంది అంటారు. మొదటి బండి కొన్న కొత్తలో నేనూ అదే ఫిర్యాదుతో రెండుసార్లు వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. డ్యాష్‌బోర్డులో కుడివైపు, ఏసీ గాలి వచ్చే జాలీ దగ్గర, గరుకు రోడ్డు మీద సన్నగా ఒక కీచు వినిపించేది. ఒక రాత్రి నా పెట్రోలు బండిని అదే రోడ్డు మీద ఇంజిన్ ఆపి, పల్లంలో న్యూట్రల్‌లో ఒక ఫర్లాంగు దూరం దొర్లించి చూశాను. అందులో అంతకన్నా పెద్ద చప్పుళ్లు మూడు వినిపించాయి. ఏడేళ్లుగా అవి ఇంజిన్ హోరు కింద అణిగి ఉన్నాయి. అందుకని తయారీ సంస్థలను తప్పు నుంచి వదిలేయమని నేను చెప్పను. ఇంజిన్ చప్పుడు పోయిందని తెలిసినప్పుడు క్లిప్పులకు, బీడింగులకు, తలుపు లోపలి అట్టలకు పెట్టుబడి పెంచాల్సింది వాళ్లే, పదిహేను లక్షలు పోసి కొన్నవాడికి ఆ కీచు వినిపించకూడదు. కానీ దాన్ని చూపి ఎలక్ట్రిక్ బండి మొత్తాన్ని డొల్ల అనడం న్యాయం కాదు.

కొండ దిగేటప్పుడు మాత్రం రెండింటికీ ఉన్న తేడా చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. కొండ నుంచి దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కక తప్పదు. పెట్రోలు బండిని రెండో గేరులో పెట్టి దించినా, సామాన్లతో ఐదుగురు ఎక్కితే అలిపిరి చేరేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది. పదహారు వందల కిలోల బరువు సుమారు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుంటే దానిలో దాదాపు 3 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. పెట్రోలు బండిలో అదంతా బ్రేకు ప్యాడ్లలో, ఇంజిన్‌లో వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ బండిలో మోటారే జనరేటరుగా మారి బండిని పట్టి ఆపుతూ ఆ శక్తిలో మంచి భాగాన్ని బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. మా పెట్రోలు బండ్లకు ఏటా మార్చే ప్యాడ్లు, లక్ష కిలోమీటర్లు దాటిన నా మొదటి ఎలక్ట్రిక్ బండికి ఇప్పటికి ఒక్కసారే మార్చాం. 2022 సెప్టెంబరు నుంచి కొండకు తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుల డ్రైవర్లను అడిగినా ఇదే చెబుతారు. అయితే రెండు జాగ్రత్తలున్నాయి. కొండ మీద బ్యాటరీని నిండుగా చార్జి చేసి దిగితే, వచ్చే కరెంటును దాచుకునే చోటు ఉండదు కాబట్టి మోటారు పట్టు తగ్గిపోతుంది. అలాగే బ్రేకులు ఎక్కువగా వాడకపోవడం వల్ల వానాకాలంలో డిస్కులకు తుప్పు పట్టుకుంటుంది. ఈ రెండు సంగతులూ నాకు బండి అమ్మినవాళ్లు చెప్పలేదు, పోగా పోగా తెలిశాయి.

బరువు ఇంకొక సంగతి. బ్యాటరీ వల్ల ఎలక్ట్రిక్ బండి అదే సైజు పెట్రోలు బండి కన్నా రెండు మూడు వందల కిలోలు ఎక్కువ తూగుతుంది. అది అడుగున ఉండడం వల్ల మలుపుల్లో బండి నేలను కరుచుకుని పోతుంది, ప్రయాణికులకు కడుపులో తిప్పదు. ఆ మేలుకు ధర చెల్లించేది టైర్లు, లింక్ రాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు. పెట్రోలు మోడల్ చట్రాన్నే తీసుకుని అందులో బ్యాటరీ ఇమిడ్చిన బండికి, మొదటి నుంచీ బ్యాటరీ కోసమే గీసిన చట్రం మీద కట్టిన బండికి ఇక్కడ తేడా బాగా కనబడుతుంది. నా రెండు ఎలక్ట్రిక్ బండ్లలో ఒకటి మొదటి రకం. దాని ముందు బుష్‌లు రెండేళ్లకే రెండుసార్లు మార్చాం.

పెట్రోలు బండి తన జబ్బు తానే చెబుతుంది. నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి ఇదే మొదలు. ఆయిల్ కారితే నేల మీద మరక పడుతుంది. రబ్బరు పైపు పగిలితే పెట్రోలు వాసన ముక్కుకు తగులుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక, దానికి తగినట్టు తయారుకాని పాత బండి ఉన్నవాళ్లందరూ ఆ పైపుల మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే, కానీ కన్ను వేయడానికి అవి కనబడతాయి. హెడ్ గాస్కెట్ పోతే పొగ రంగు మారుతుంది. క్లచ్ ప్లేట్లు అరిగితే కాలికి తెలుస్తుంది. ఆటోనగర్‌లో నేను ఇరవై ఏళ్లుగా నమ్మే మెకానిక్ అన్న బానెట్ తెరవకముందే చెవి ఒగ్గి విని సగం రోగం చెప్పేస్తాడు. ఎలక్ట్రిక్ బండి ముందు నిలబడితే ఆయన చెవికి పని లేదు. ఇందులో చెడిపోయే భాగాలు తక్కువ, నిజమే. స్పార్క్ ప్లగ్గులు లేవు, టైమింగ్ బెల్టు లేదు, క్లచ్ లేదు, సైలెన్సర్ లేదు. కానీ ఉన్న ఆ కొద్దిపాటి భాగాల్లో ఏమి జరుగుతోందో బయటికి చెప్పే గొంతు కంపెనీ ల్యాప్‌టాప్‌కు తప్ప ఇంకెవరికీ వినబడదు.

దీనికి చిన్న ఉదాహరణ. నిరుడు కాణిపాకం గుడి దగ్గర, దర్శనం చేసుకుని వచ్చిన ఒక కుటుంబం ఎండలో నిలబడి ఉండగా, నా ఎలక్ట్రిక్ బండి తలుపు తెరుచుకోలేదు. తాళం తిప్పి లోపలికి వెళితే తెర నల్లగా ఉంది. పెద్ద బ్యాటరీలో డెబ్బై శాతం చార్జి ఉన్న బండి కదలనంటోంది. ఎలక్ట్రిక్ బండిలోనూ మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటుంటుందని, అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చే పడదని మా డ్రైవరుకు తెలియదు. చివరికి పక్కనే ఆగి ఉన్న ఒక పెట్రోలు కారు నుంచి కేబుళ్లు కలిపితే మా బండి లేచింది. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల కంపెనీ వల్ల మా కరకంబాడి చుట్టుపక్కల వేలాది కుటుంబాలకు బ్యాటరీ అన్నది ఇంటి మాట. ఆ చిన్న బ్యాటరీని నిమిషంలో పరీక్షించి చెప్పగలవాళ్లు మా ఊళ్లో వీధికి ఒకరున్నారు. అది చూడాలన్న ఒక్క ముక్క సర్వీసు పుస్తకంలో స్పష్టంగా ఉంటే చాలు, ఆ తల్లీపిల్లలు గంటసేపు ఎండలో నిలబడేవాళ్లు కాదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలో ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం రోడ్డు మీద ఆగిపోయిన బండ్ల లెక్క ఏటా వేస్తుంది. 2020 నుంచి 2022 వరకు రిజిస్టరైన బండ్లలో, 2024లో ప్రతి వెయ్యి ఎలక్ట్రిక్ కార్లకు 4.2, ప్రతి వెయ్యి ఇంజిన్ కార్లకు 10.4 చొప్పున ఆగిపోయాయని వాళ్ల లెక్క. రెండు రకాల్లోనూ ఎక్కువసార్లు కారణం ఆ 12 వోల్టుల బ్యాటరీయే. అదే సమయంలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2023 సర్వేలో ఎలక్ట్రిక్ కార్లకు పెట్రోలు కార్ల కన్నా 79 శాతం ఎక్కువ సమస్యలున్నాయని, 2024 సర్వేలో ఆ తేడా 42 శాతానికి తగ్గిందని చెప్పింది. రెండూ ఒకదానికొకటి ఎదురు మాటల్లా కనిపిస్తాయి, కానీ కావు. జర్మనీవాళ్లు లెక్కపెట్టింది దారిలో నిలిచిపోయిన బండ్లను. అమెరికావాళ్లు తెర పనిచేయకపోవడం, చార్జింగ్ ఎక్కకపోవడం, బీడింగ్ ఊడిపోవడం సహా యజమాని చెప్పిన ప్రతి ఫిర్యాదునూ లెక్కపెట్టారు. ఎలక్ట్రిక్ బండి మనల్ని దారిలో వదిలేయడం తక్కువ, చిన్నచిన్న చికాకులు పెట్టడం ఎక్కువ అని ఈ రెండు లెక్కలూ కలిపి చెబుతున్నాయి. నా ఐదు బండ్ల పుస్తకం కూడా అదే చెబుతోంది. మన దేశంలో కారు కొనబోయే సామాన్యుడి చేతికి ఇలాంటి లెక్కను ప్రభుత్వమే అందించాలి, దానికి కావలసిన సమాచారం మీ దగ్గరకే వస్తుంది.

ఇప్పుడు నన్ను ఈ లేఖ రాయించిన సంఘటన చెబుతాను. ఐదేళ్ల కిందట భాకరాపేట ఘాట్‌లో, వాన వెలిసిన సాయంత్రం, కొండ మీది నుంచి జారి రోడ్డు మీద పడిన రాయి నా పెట్రోలు బండికి కింద తగిలింది. ఆయిల్ సంపు పగిలింది. ఎర్రదీపం వెలగగానే డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు. బండిని ఆటోనగర్‌కు లాగించాం. మెకానిక్ అన్న సంపు విప్పి, నా చేతికిచ్చి, వేలు పట్టేంత చీలిక చూపించాడు. కొత్త సంపు, గాస్కెట్, ఆయిల్ వేసి మర్నాడు సాయంత్రానికి బండి ఇచ్చాడు. ఏమి పగిలిందో, ఏమి మార్చాడో, ఎంతయిందో నాకు తెలుసు. నిశ్చింతగా ప్రయాణికులను ఎక్కించుకున్నాను.

నిరుటి వానల్లో అదే ఘాట్‌లో, అలాంటి రాయే నా ఎలక్ట్రిక్ బండికి తగిలింది. ఏమీ కారలేదు, ఏ దీపమూ వెలగలేదు. బండి హాయిగా తిరుపతి చేరింది. మర్నాడు ర్యాంపు ఎక్కించి టార్చి వేసి చూస్తే బ్యాటరీ పెట్టె అడుగున అరచేయంత మేర సొట్ట, లోతు అగ్గిపుల్లలో సగం ఉంటుంది. కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. ల్యాప్‌టాప్ తగిలించి చూసి లోపమేమీ చూపించడం లేదన్నారు. అయితే వారంటీ ఉంటుందా అంటే, సొట్ట ఉంది కనుక హామీ ఇవ్వలేము, మొత్తం ప్యాక్ మార్చుకోండి అన్నారు. బీమా సర్వేయరు వచ్చి, లోపం చూపించనప్పుడు ప్యాక్ మార్చడానికి డబ్బు రాదన్నారు. ఎంత లోతు సొట్ట వరకు ప్రమాదం లేదో రాసి ఉన్న కాగితం ఏదైనా చూపించమని ఇద్దరినీ అడిగాను. ఇద్దరి దగ్గరా లేదు. ఆ ప్యాక్ ధర బండి ధరలో మూడో వంతుకు పైనే. పదిహేడు రోజులు బండి అక్కడే నిలబడిపోయింది.

చివరి రోజున అక్కడి కుర్రవాడు నా ముందే ల్యాప్‌టాప్‌లో ఇన్సులేషన్, అంటే బ్యాటరీ కరెంటు బండి బాడీలోకి పాకకుండా ఆపే నిరోధం, ఎంత ఉందో చూశాడు. తెర మీద అంకె నా కంటికి కనబడింది. ఆ అంకె ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఎలక్ట్రిక్ బండ్ల భద్రతకు మన దేశంలో రాసుకున్న ఏఐఎస్-038 ప్రమాణం ప్రకారం బ్యాటరీ ఉండే డీసీ వైపు ప్రతి వోల్టుకు కనీసం 100 ఓమ్‌ల నిరోధం ఉండాలి, అంటే 350 వోల్టుల ప్యాక్‌కు 35,000 ఓమ్‌లు. తెర మీద ఉన్నది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పేజీ ప్రింటు తీసి ఇవ్వు నాయనా అని అడిగితే, అది కస్టమరుకు ఇచ్చేది కాదు సార్ అన్నాడు. ఆ కుర్రవాడి తప్పు ఏమీ లేదు, అతడికి చెప్పింది అతడు చెప్పాడు. కానీ నా డబ్బుతో కొన్న బండి, నేను ఎక్కించుకునే పరాయి ఇంటి పిల్లలు, ఆ బండి క్షేమంగా ఉందని చెప్పే అంకె ఒకటి ఉండి కూడా అది నా చేతికి రాకపోవడం ఏమి పద్ధతి? తర్వాత నెల రోజులు ఆ బండిలో బయటివాళ్లను ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. నేనొక్కడినే తిప్పుకున్నాను.

పైకి బాగున్నది లోపల బాగుండకపోవచ్చన్న భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో షెవర్లే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కార్లను 2020, 2021 సంవత్సరాల్లో విడతలుగా వెనక్కి పిలిచారు. చివరికి మొత్తం 1,40,000 పైచిలుకు బండ్లు. కారణం బ్యాటరీ లోపలి సెల్ తయారీలో జరిగిన రెండు చిన్న పొరపాట్లు: చిరిగిన ఆనోడ్ ట్యాబ్ (కరెంటును బయటికి తెచ్చే చిన్న రేకు), మడతపడిన సెపరేటర్ (సెల్ రెండు ధ్రువాలను విడిగా ఉంచే పొర). ఈ రెండూ ఒకే సెల్‌లో పడితే నిలబెట్టిన బండికే నిప్పు అంటుకోవచ్చు. ఆ బండి తలుపు ఎంత బరువుగా పడినా, రంగు ఎంత నున్నగా ఉన్నా, కాగితం కన్నా పలచని ఆ పొర మడత ఎవరికి కనబడుతుంది? పెట్రోలు బండ్లకూ ఇలాంటి చరిత్ర ఉంది. టకాటా కంపెనీ చేసిన, లోపమున్న ఎయిర్‌బ్యాగులను మార్చడం కోసం ప్రపంచవ్యాప్తంగా కోట్ల కొద్దీ బండ్లను వెనక్కి పిలిచారు. అందుకే 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ చేర్చి, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం మీరు తీసుకోవడం మంచి పని. అయితే లోపం కనబడితేనే కదా వెనక్కి పిలిచేది. ముందు కనబడే మార్గం ఉండాలి.

ఇంకొక సంగతి నీళ్లు. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతిలో కురిసిన వాన మేము బతికి ఉన్నంతకాలం మరిచిపోలేం. స్వర్ణముఖి పొంగింది, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి, లోతట్టు వీధుల్లో కార్లు నీళ్లలో మునిగాయి. నా పెట్రోలు బండి ఒకటి సీట్ల దాకా మునిగింది. ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి చిమ్మించి, ఆయిల్ రెండుసార్లు మార్చి, సీట్లు ఎండబెట్టి మళ్లీ రోడ్డెక్కించాం. అప్పటికి నా దగ్గర ఎలక్ట్రిక్ బండి లేదు. ఇప్పుడున్న వాటి బ్యాటరీ పెట్టెలకు ఐపీ67 గుర్తు ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా నీరు చొరకూడదు. పెట్రోలు మంట మీద 70 సెకన్లు నేరుగా కాల్చి కూడా ఆ పెట్టెను పరీక్షిస్తారని చదివి చాలా ధైర్యం తెచ్చుకున్నాను. ఇవి మంచి ప్రమాణాలు, వీటిని రాసినవాళ్లకు నా దండం. కానీ అవన్నీ కొత్త పెట్టెకు చేసే పరీక్షలు. ఎనిమిది వేసవులు మా ఎండలో కాగి, వేల స్పీడ్ బ్రేకర్లు ఎక్కిదిగి, వేల మలుపులు తిరిగిన తర్వాత ఆ మూత చుట్టూ ఉన్న రబ్బరు సీలు అలాగే ఉంటుందా అన్నది ఎవరు చూడాలి? ఇంటి తలుపులకు కొట్టే రబ్బరే మా ఊరి ఎండకు మూడేళ్లలో పెళుసెక్కుతుంది.

నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. టాక్సీలుగా తిరిగే బండ్లకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలని నిబంధన ఉంది. నా మొదటి ఎలక్ట్రిక్ బండిని అలా తీసుకెళ్లినప్పుడు బ్రేకులు, లైట్లు, హారన్, స్టీరింగ్ అన్నీ చూశారు. నిబంధనల పుస్తకంలో ఏమి రాసి ఉన్నా, నా చేతికొచ్చిన కాగితంలో మాత్రం బ్యాటరీ గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాగితంలో ఇన్సులేషన్ నిరోధం ఎంత ఉంది, కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీలో ఎంత సామర్థ్యం మిగిలింది, పెట్టె అడుగున సొట్టలు, తుప్పు, సీలు ఎలా ఉన్నాయి అన్నవి తప్పకుండా రాయించండి. ఐక్యరాజ్యసమితి వేదిక మీద 2022లో రూపొందిన 22వ నంబరు ప్రపంచ సాంకేతిక నియమం ప్రకారం ఐదేళ్లకు లేదా 1,00,000 కిలోమీటర్లకు బ్యాటరీలో 80 శాతం, ఎనిమిదేళ్లకు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 శాతం సామర్థ్యం మిగిలి ఉండాలి. ఎంత మిగిలిందో బండి తనే యజమానికి చూపించాలి. ఆ నియమం మన దేశంలో అమ్మే ప్రతి ఎలక్ట్రిక్ కారుకూ తప్పనిసరి కావాలి. ఎండ ఎక్కువున్న చోట బ్యాటరీని చల్లార్చే ఏర్పాటు సరిగా లేకపోతే ఏమవుతుందో 2012లో అమెరికాలోని అరిజోనాలో నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కార్ల యజమానులు చూశారు, అనుకున్నదానికన్నా ఎంతో ముందే వాళ్ల బ్యాటరీలు నీరసించాయి. మే నెలలో అలిపిరి పార్కింగ్‌లో మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన బండి పరిస్థితి అంతకన్నా చల్లగా ఏమీ ఉండదు.

సొట్టల విషయంలో తయారీ సంస్థలు తమ దగ్గరున్న హద్దులను బయటపెట్టాలి. ఇంత లోతు వరకు పైకవచం మారిస్తే చాలు, ఇంతకు మించితే ప్యాక్ విప్పి చూడాలి, ఇంతకు మించితే మార్చాలి అని మోడల్ వారీగా రాసి బీమా కంపెనీలకు, మాకు ఇవ్వాలి. సెల్ చెడితే సెల్, మాడ్యూల్ (కొన్ని సెల్‌ల కట్ట) చెడితే మాడ్యూల్ మార్చే వీలుగా పెట్టెను కట్టడం కూడా తయారీ నాణ్యతే. సంపు పగిలితే ఇంజిన్ మొత్తం మార్చమనే మెకానిక్‌ను మా ఆటోనగర్‌లో ఎవరూ రెండోసారి గడప తొక్కనివ్వరు.

అలాగే మా మెకానిక్‌ల గురించి. ఎక్కువ వోల్టుల కరెంటు పోయే నారింజ రంగు కేబుల్ చూస్తే చేతులు వెనక్కి తీసుకోవాలని మాత్రమే వాళ్లకు తెలుసు. ఆ జాగ్రత్త మంచిదే, కానీ సరైన చేతితొడుగులు, పరికరాలు, శిక్షణ ఉంటే వాళ్లు ఎంతో పని చేయగలరు. ఇక్కడి ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లో సాయంత్రం తరగతులు పెట్టి వాళ్లకు అర్హత పత్రం ఇవ్వండి. కార్ల సంస్థలు తమ సాఫ్ట్‌వేర్‌లో చదివి చూసే భాగాన్నయినా, మార్చే వీలు లేకుండా, అర్హత పొందినవాళ్లకు తెరవాలని ఆదేశించండి. నా మెకానిక్ అన్నకు యాభై నాలుగేళ్లు. ఈ వయసులో నేర్చుకుంటావా అన్నా అని అడిగితే, "నేర్పేవాడు ఉంటే రేపు పొద్దున్నే పోయి ముందు బెంచీలో కూర్చుంటా" అన్నాడు.

ఈ లేఖ చదివి నేను ఎలక్ట్రిక్ బండ్లకు వ్యతిరేకినని ఎవరూ అనుకోవద్దు. కిలోమీటరు ఖర్చు, కొండ మీది గాలి, ప్రయాణికుల సుఖం చూస్తే తర్వాత కొనబోయే బండి కూడా ఎలక్ట్రిక్‌దే. 2019 ఆగస్టు నుంచి వీటి మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించి మీరు మా చేత కొనిపించారు, మేము సంతోషంగా కొన్నాం. కొన్న తర్వాత ఎనిమిదో ఏడు ఆ బండి ఎలా ఉంటుందో కూడా మీరే అడగాలి. టాక్సీగా తిప్పితే 1,60,000 కిలోమీటర్ల వారంటీ నాలుగేళ్లకే నిండిపోతుంది. ఆ తర్వాత దాన్ని అమ్మాలన్నా, కొనేవాడికి చూపించడానికి నా మాట తప్ప ఇంకేమీ ఉండదు. పెట్రోలు బండి కొనేవాడు మెకానిక్‌ను తోడు తెచ్చుకుని ఇంజిన్ చప్పుడు విని బేరమాడతాడు. ఎలక్ట్రిక్ బండి కొనేవాడు దేన్ని విని బేరమాడాలి?

నా రెండో ఎలక్ట్రిక్ బండిని వచ్చే నెలలో ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి. అది ర్యాంపు ఎక్కినప్పుడు అధికారి ఒకసారి టార్చి పట్టుకుని అడుగుకు వంగి చూసి, మీటరు పెట్టి, వచ్చిన అంకెను కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలని కోరుతున్నాను. అది మంచి అంకె కాకపోతే బండిని ఆపేయమని చెప్పినా నాకు సమ్మతమే.

ఇట్లు
భవదీయుడు
ఒక ట్రావెల్స్ యజమాని
తిరుపతి